పొద్దుటి నడుమును చూడనివాళ్ళు

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. కంపెనీలో చెప్పాను, దవాఖానలో చెప్పాను, ఇంట్లో చెప్పాను. యూనియన్ సభలో లేచి చెప్పబోతే మైకు పక్కవాడి చేతికిచ్చారు. ఒక పత్రికకు రాసి పంపితే వేసుకోలేదు, వేసుకోవడం లేదని చెప్పనూ లేదు. ఇరవై ఏండ్లకు పైగా ఎవరూ వినలేదు కాబట్టి ఇప్పుడు మొదటినుంచి ఒక్కచోట రాస్తున్నాను. నొప్పి కాస్త నెమ్మదించింది, కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను. నాలాంటి నడుముతో పొద్దున్నే మంచం మీద కొట్టుకుంటూ, ఇంటివాళ్ళ చేత పనిదొంగ అనిపించుకుంటున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళకు ఇది ధైర్యం. ఆ మాట అన్నవాళ్ళు చదివితే ఇంకా మంచిది.

1987

అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. మాది బొంతపల్లి పక్క ఊరు. అన్న నర్సింలు ఊళ్ళో వ్యవసాయం చూసుకునేవాడు. నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో హెల్పరుగా చేరి, పెళ్ళి చేసుకుని, అక్కడే కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి. డ్రమ్ములు దొర్లించడం, పొడి సంచులు భుజానికెత్తుకుని మెట్లెక్కి మందు ఉడికే రియాక్టరు తొట్టిలో పోయడం నా పని. ఒంట్లో బలం ఉండేది. ఆ బలం మీద పొగరు కూడా ఉండేది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి నడుము నాది కాదు. పిరుదుల లోపల, వేలు పెట్టి చూపించలేని చోట, కొయ్య దిగగొట్టినట్టుంది. కూర్చోబోతే కాలేదు. పక్కకు దొర్లి, కింద మోకాళ్ళ మీద పడి, గోడ పట్టుకుని లేచాను. నా భార్య లక్ష్మి నవ్వింది, ఆటాడుతున్నాననుకుని. నీళ్ళు తెచ్చుకుని, నాలుగడుగులు వేసి, బస్టాపు దాకా నడిచేసరికి కొంచెం వదులైంది. పదింటికల్లా మామూలు మనిషిని. మరునాడు పొద్దున మళ్ళీ కొయ్య.

డ్రమ్ముల వల్ల అనుకున్నాను. అందరూ అదే అన్నారు. కంపెనీ పంపే దవాఖానలో డాక్టరు మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు. దిగలేదు. మూడో వారం వచ్చేసరికి మంచంలో పక్కకు తిరగాలంటే లక్ష్మి పట్టుకోవాల్సి వచ్చింది. పడుకుంటే తగ్గే నొప్పి కాదు సార్, పడుకుంటేనే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది అని చెప్పాను. నడుం నొప్పికి విశ్రాంతి వద్దనేవాణ్ణి నిన్నే చూస్తున్నాను అని ఆయన పక్కనున్న కాంపౌండరు వైపు చూసి నవ్వాడు. ఆ కాంపౌండరు కూడా నవ్వాడు. ఇద్దరి ముఖాలూ నాకు గుర్తున్నాయి.

పనిలోకి తిరిగి పోయాక అసలు బాధ మొదలైంది. పొద్దుటి షిఫ్టులో మొదటి రెండు గంటలు నేను ముసలివాణ్ణి. వంగలేను, సంచి ఎత్తలేను. మధ్యాహ్నం భోజనాల వేళకు అందరితో సమానంగా మెట్లెక్కుతాను. ఇది చూసేవాళ్ళకు ఎట్లా కనబడుతుందో నాకూ తెలుసు. మా షిఫ్టు ఇన్‌ఛార్జి కోస్తా నుంచి వచ్చినాయన. ఒకరోజు క్యాంటీన్‌లో అందరి ముందూ అన్నాడు.

"ఏవయ్యా మల్లేశం, పొద్దున్న వచ్చేటప్పుడు ముసలాడివి, మధ్యాహ్నానికి పెళ్ళికొడుకువి. ఆ మందేదో మాకూ చెప్పవయ్యా."

ఆనాటినుంచి నా పేరు మల్లేశం కాదు, మధ్యాహ్నం పెళ్ళికొడుకు. కొత్తగా చేరినవాళ్ళకు కూడా ఆ పేరుతోనే పరిచయం చేసేవారు.

యూసుఫ్ భాయి ఒక్కడు మాత్రం ఆ పేరుతో పిలవలేదు. నా జోడీ పనివాడు. ఏమీ అడగకుండా మొదటి రెండు గంటలు నా డ్రమ్ములు కూడా తనే దొర్లించేవాడు.

"నీది ఖరాబైన నడుం కాదు మల్లేశ్, తుప్పు పట్టిన తాళం. జెర తిరుగు, అదే తెరుసుకుంటది. పరేషాన్ కాకు," అనేవాడు.

మధ్యాహ్నం తరువాత ఆయన డ్రమ్ములు నేను దొర్లించేవాణ్ణి. నా జబ్బు గురించి ఆ రోజుల్లో ఎవరైనా అన్న మాటల్లో నిజానికి దగ్గరగా ఉన్నది ఆ తాళం మాట ఒక్కటే.

1988

చలికాలంలో కుడి కన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పని స్థలంలో కన్ను ఎర్రబడడం వింత కాదు. సాయంత్రం గేటు దాటేవాళ్ళలో సగం మంది కండ్లు ఎర్రగానే ఉండేవి. గాలి అట్లాంటిది, వాగు నీళ్ళు అట్లాంటివి. అందుకే గ్యాసు తగిలిందన్నారు. నేనూ అదే అన్నాను. కన్నుకు చుక్కల మందు, నడుముకు మాత్రలు, వేరువేరు రోజుల్లో, వేరువేరు డాక్టర్లు. కన్నూ నడుమూ ఒకే మనిషివని ఎవరికీ తట్టలేదు. గ్యాసు లేని ఊళ్ళో పనిచేసి ఉంటే ఆ కన్నే నా జబ్బును పట్టిచ్చేదని తరువాత తెలిసింది.

1989

మా అత్త మాట మీద బొంతపల్లి వీరభద్రస్వామి గుడిలో ప్రదక్షిణలకు మొక్కుకున్నాం. చీకటితోనే పోయి గుడి చుట్టూ తిరిగేవాణ్ణి. మొదటి చుట్లు లక్ష్మి భుజం పట్టుకుని, తరువాతివి నా అంతట నేనే. తిరిగేకొద్దీ నడుము వదులయ్యేది. స్వామి దయ అని అత్త కండ్లొత్తుకుంది. నాకూ అట్లాగే అనిపించింది. ఇప్పటికీ దయ కాదని అనను. కానీ నడుమును వదులు చేసిన ఆ నడక అంతా నలుగురూ చూసే గుడి చుట్టూ చేయించుకున్నాడు, ఇంట్లో కాదు.

అదే నెలలో వరి కోతలు. అన్న రమ్మన్నాడు. పొద్దున్నే వంగి కొడవలి పట్టడం నా వల్ల కాలేదు, గట్టు మీద నిలబడిపోయాను. కూలికి వచ్చిన ఆడవాళ్ళందరూ వింటుండగా అన్న అన్నాడు.

"గుడి సుట్టు తిరగనీకి నొయ్యదు గని కొడవలి పట్టనీకి నొస్తదారా? దేవుని కాడ మంచిగుంటది, పొలం కాడ రోగమొస్తదా?"

కూలివాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏం చెప్పను, ఆయన చూసినదాంట్లో అబద్ధం లేదు. నడిస్తే తగ్గుతుంది, నిలబడితే బిగుస్తుంది. అట్లాంటి జబ్బు ఉందని నాకే తెలియదు. ఆ రోజు సద్ది ముట్టకుండా పటాన్‌చెరు బస్సెక్కాను. తరువాత చాలా ఏండ్లు పండుగకు కూడా అన్న ఇంటి గడప తొక్కలేదు.

1990

కంపెనీ నన్ను డాక్టర్ల బోర్డు ముందుకు పంపింది. ముగ్గురు డాక్టర్లు. పిలిచింది మధ్యాహ్నం మూడు గంటలకు. అన్నం తిని, బస్సులో నిలబడి, స్టేజీ నుంచి నడిచి పోయాను. అంటే నా తాళం పూర్తిగా తెరుచుకున్నాక పోయాను. వంగమన్నారు. వంగాను. నొప్పి ఉంది, కానీ వేళ్ళు చీలమండల దగ్గరికి పోయాయి. బోర్డులో పెద్దాయన, ఇంత బాగా నేను కూడా వంగలేనయ్యా అన్నాడు. రక్తం చూశారు, కీళ్ళవాతం లేదన్నారు. ఎక్స్‌రే తీశారు, ఎముకలు శుభ్రం అన్నారు. పొద్దున పిలవండి సార్, పొద్దున ఆరింటికి చూడండి అని బతిమాలాను. నీ కోసం మేం కోడి కూసినప్పుడు లేవాలా అన్నాడు.

రెండోసారి మళ్ళీ మధ్యాహ్నమే పిలిచారు. ఈసారి నేనొక పని చేశాను. పొద్దున తొమ్మిదింటికే పోయి, బయట రోగులు కూర్చునే సిమెంటు బల్ల మీద పడుకున్నాను. కదలకుండా పడుకుంటే నడుము బిగుస్తుంది కదా. మధ్యాహ్నాన్నే పొద్దున చేద్దామని నా పంతం. ప్యూను వచ్చి లేవమని కసిరాడు. అక్కడ ఊడ్చే ఒక ముసలామె, పేరు కూడా అడగలేదు, అడ్డం పడింది.

"పండనియ్యి బిడ్డా, నీ అయ్య జాగనా ఇది? నీకేం అడ్డమైండు?"

నా తల కింద తన చీరె మూట పెట్టి పోయింది. అక్కడే నిద్రపోయాను. నా పేరు పిలిచేసరికి లేవలేకపోయాను. అంతా నేను అనుకున్నట్టే అయింది. ఆ ముసలామే వచ్చి రెండు చంకల కింద చేతులు పెట్టి లేపింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా పోయేసరికి చెమటలు కారాయి. బోర్డు పెద్దాయన కుర్చీలోనుంచి చూస్తూనే ఉన్నాడు.

"పోయినసారి కన్నా బాగా చేస్తున్నావు," అన్నాడు.

నేను నిజం చూపించడానికి ఎంత కష్టపడితే అది అంత గొప్ప నటన అయింది. జబ్బు లేదు, నటిస్తున్నాడు అని రాశారు. దాని మీద ఎండాకాలం లోపల నా ఉద్యోగం పోయింది. గేటు దగ్గర నా టిఫిను డబ్బా పట్టుకుని యూసుఫ్ భాయి బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు.

1992

కూరగాయల బండి పెట్టుకున్నాను. తోసుకుంటూ వీధులు తిరిగే పని. కూర్చుని అమ్మే చోటు దొరికినా తీసుకోలేదు. నడుస్తూ ఉంటేనే మనిషిని. కానీ తెల్లవారుజామున బండి నింపడం లక్ష్మి మీద పడింది. ఆమె కూడా ఒకటి రెండుసార్లు నా ముఖంలోకి అదోలా చూసింది. నోటితో అనలేదు. ఆ చూపు కూడా మరిచిపోలేదు.

ఎవరో చెబితే పట్నంలో పెద్ద సర్కారు దవాఖానకు పోయాం. పొద్దున్నే పోయి వరుసలో కూర్చుంటే మధ్యాహ్నం దాటాక వంతు వచ్చింది. లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ. నన్ను వంగమనలేదు. ముందు అడిగింది. పొద్దున లేచాక వదులయ్యేదానికి ఎంతసేపు పడుతుంది? పడుకుంటే హాయా, నడిస్తే హాయా? నేను చెబుతున్నాను. మూడోది అడిగింది, ఎప్పుడైనా కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయారా అని. నేను నోరు తెరిచేలోపల లక్ష్మి, ఎర్రబడ్డది మేడం, రెండుసార్లు ఎర్రబడ్డది అని చెప్పి ఏడవడం మొదలుపెట్టింది. చూడకుండానే కన్ను సంగతి అడిగిన మనిషి దొరికింది కదా.

ఒంటిని కాపాడవలసిన శక్తే దారితప్పి సొంత ఒంటి మీద తిరగబడే జబ్బులు కొన్ని ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఇది అందులో ఒకటి కావచ్చని, వెన్నెముక మీద పడుతుందని, కుర్రవాళ్ళకు ఎక్కువగా వస్తుందని, పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని. మళ్ళీ ఎక్స్‌రే తీయించింది. మళ్ళీ శుభ్రం.

ఆమె ఆ ఫిల్ము చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. నాకైతే ఇదే జబ్బనిపిస్తోంది, కానీ ఖాయంగా రాయాలంటే నడుము కింద కటి కీళ్ళు ఎక్స్‌రేలో చెడినట్టు కనబడాలి, నియమం అట్లా ఉంది, మా పెద్ద సారు ఒప్పుకోరు అంది.

"గవి సెడిపోయేదాక నాకు రోగం లేనట్టేనా మేడం? సెడిపోయినంక రాస్తే నాకేం మిగుల్తది?" అన్నాను.

ఆమె మాత్రలు రాసింది. నడవడం మానొద్దు, మళ్ళీ రండి అంది. ఆ మాత్రలతో పొద్దుటి కొయ్య సగం కరిగింది. ఆమె నమ్మింది కాబట్టి ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆ నియమం మీద పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు.

1996

నాలుగేండ్ల తరువాత ఎక్స్‌రేలో పడింది. కటి కీళ్ళు రెండు వైపులా చెడినట్టు, వెన్ను కిందిభాగం అతుక్కుపోతున్నట్టు. నేను సంతోషపడ్డాను. నడుము శాశ్వతంగా బిగుసుకుపోతోందని చెబితే సంతోషపడ్డ మనిషిని నేనే అయ్యుంటాను. ఇంటికి తెచ్చి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి లక్ష్మికి చూపించాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, కానీ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

మరునాడే ఆ ఫిల్ము తీసుకుని కంపెనీ గేటుకు పోయాను. వాచ్‌మన్ లోపలికి వదలలేదు. సాయంత్రం దాకా నిలబడ్డాను. షిఫ్టు ఇన్‌ఛార్జి బయటకు వచ్చాడు, అప్పటికి మేనేజరయ్యాడు. ఫిల్ము ఎండకు పట్టి చూశాడు. పాపం అన్నాడు. తరువాత అన్న మాట ఇది.

"ఇది ఇప్పుడొచ్చింది కదయ్యా. అప్పటి ఎక్స్‌రేలో లేదు. అంటే అప్పుడు లేనట్టేగా."

అదీ సంగతి. ఎముక చెడక ముందు నాకు జబ్బు లేదు. చెడిన తరువాత ఉంది కానీ అది కొత్తది. నడుమ పొద్దుటి పూటలన్నీ, మూడు వారాల మంచం, సిమెంటు బల్ల, గట్టు మీద పడ్డ మాట, అవన్నీ నటన కిందనే ఉండిపోయాయి. నాకు వాళ్ళ ఉద్యోగం వద్దు, నష్టపరిహారం వద్దు. నటన అన్న ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవాలి. ఆ రోజునుంచి నేను అడుగుతున్నది అదొక్కటే.

2009

అన్న ఫోను చేశాడు. లక్ష్మి ఎత్తి నాకిచ్చింది. ఆయన చిన్నకొడుకు శీను ముత్తంగిలో ఒక గోదాములో సామాను ఎక్కించే పని చేస్తున్నాడు.

"శీనుగాడు పొద్దుగాల లేస్తలేడురా. మద్దెన్నాం మంచిగనే ఉంటుండు. సూపర్‌వైజరు యాక్టింగ్ అంటుండట," అన్నాడు.

"నువ్వేమంటున్నవ్?" అని అడిగాను.

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. పెట్టలేదు.

ఇన్నేండ్ల తరువాత ఆ గడప తొక్కాను. రాత్రి అక్కడే ఉండి, పొద్దున శీను లేచేటప్పుడు మంచం పక్కన నిలబడ్డాను. పక్కకు దొర్లి, మోకాళ్ళ మీద పడి, గోడ పట్టుకున్నాడు. నాకు ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్యే వాడికీ వచ్చింది. వీధి చివరిదాకా నడిపించాను. వదులైంది. అటునుంచే బస్సెక్కి అన్న, శీను, నేను ముగ్గురం పట్నం పోయాం.

అదే డాక్టరమ్మ. జుట్టు నెరిసింది, పెద్ద డాక్టరైంది. మెడ కూడా బిగిసి, తల తిప్పకుండా మొత్తం మనిషిని తిప్పి చూసే నన్ను గుర్తుపట్టింది. శీను ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మళ్ళీ అదే కథ అనుకున్నాను. కానీ ఆమె ఎమ్మారై స్కాను తీయించింది. కీళ్ళలో వాపు కనబడింది. ఎముక చెడకముందే వాపు కనబడితే చాలట, దానికి తోడు ఈ లక్షణాలుంటే ఇప్పుడు జబ్బు కింద లెక్కేనట. ఈ మధ్యనే కొత్త నియమాలు వచ్చాయట.

నేను వదలలేదు. పాత నియమాలు ఎప్పటివని అడిగాను. ఎక్స్‌రేలో కనబడి తీరాలన్నది ఎనభై నాలుగులో పెట్టుకున్నదని చెప్పింది. అంతకుముందు, అరవైలలో, రోమ్ నగరం పేరుతో ఒక పద్ధతి ఉండేదట. అందులో పడుకున్నా తగ్గని నడుం నొప్పి, వంగలేకపోవడం, కన్ను ఎర్రబడడం, ఇట్లాంటివి చాలినన్ని ఉంటే ఎక్స్‌రే లేకపోయినా ఒప్పుకునేవాళ్ళట.

అంటే నేను ఇరవై ఏండ్లు ముందు పడకేసినా నాకు జబ్బు ఉండేది. ఇరవై ఏండ్లు తరువాత పడకేసినా ఉండేది. నడుమ పుట్టిన పాపానికి నటుణ్ణయ్యాను. ఒంట్లో నొప్పి మాత్రం మూడు కాలాల్లోనూ ఒక్కటే.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. అసలు ఆ నియమాలు ఎదురుగా కూర్చున్న మనిషికి జబ్బు ఉందా లేదా అని తీర్పు చెప్పడానికి పెట్టినవి కావట. పరిశోధన చేసేవాళ్ళు ఒకే రకం రోగులను ఏరుకోవడానికి పెట్టుకున్న కొలతలట. డాక్టర్లే వాటిని తీర్పుగా వాడేశారు, నేను కూడా, అంది. ఆ చివరి రెండు మాటలు అనడానికి ఆమెకు పెద్ద చదువు అవసరం లేదు, అయినా ఇన్నేండ్లలో అన్నది ఆమె ఒక్కతే.

"మరి ఎనభై ఏడుల నాకు రోగం ఉన్నట్టా, లేనట్టా? మా అన్న ముంగట చెప్పుండ్రి," అన్నాను.

"ఉంది మల్లేశం. అప్పుడే ఉంది," అంది.

బస్సులో అన్న నాకు కిటికీ పక్కన చోటిచ్చాడు. లింగంపల్లి దాటాక మెల్లగా అడిగాడు.

"అప్పుడు కోతలకాడ నేనొక మాటంటి. నీకు యాదికున్నదా?"

"ఉన్నది."

"ఏమన్న?"

చెప్పాను. గుడి సుట్టు తిరగనీకి నొయ్యదు గని అన్న దగ్గర మొదలుపెట్టి, చివరిదాకా.

"పొల్లు పోకుండ యాదిపెట్టుకున్నవు గదరా," అన్నాడు. ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. తరువాత, "ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు.

"పొద్దున మా ఇంటికొచ్చి సూడు."

వచ్చాడు. ఇంకా తెల్లగా తెల్లారలేదు, చేతికర్ర తలుపుకు ఆనించి మంచం ఎదురుగా నిలబడ్డాడు. మాత్రలు ఎన్ని వేసుకున్నా నా పొద్దుట్లు ఇప్పటికీ పొద్దుట్లే. పక్కకు దొర్లాను. మోకాళ్ళ మీద పడ్డాను. అన్న ముందుకు వంగి చెయ్యి అందించబోయాడు. వద్దన్నాను. సూడుమన్న, పట్టుకొమ్మనలేదు అన్నాను. గోడ పట్టుకుని లేచి నిలబడేదాకా ఆయన అక్కడే నిలబడి చూశాడు. లక్ష్మి చాయ్ తెచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా ఉండిపోయాడు. తప్పైందని అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆయన లెక్క నా దగ్గర తీరిపోయింది.

శీనుకు మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చారు. డాక్టరమ్మ రాసిచ్చిన మాటకు ఆ సూపర్‌వైజరు ఎదురు చెప్పలేదు. వాడి వెన్ను నా వెన్నులా కాకుండా ఆపవచ్చునంటున్నారు. మంచిదే.

ఇంకొకరి లెక్క మిగిలి ఉంది. బోర్డు పెద్దాయన ఇప్పుడు సొంత నర్సింగ్ హోము నడుపుతున్నాడు. పోయాను. లోపలినుంచి కబురు వచ్చింది, పాత సంగతులు ఇప్పుడెందుకని. కంపెనీ ఇంకా అక్కడే ఉంది, పొగ వదులుతూనే ఉంది. అక్కడికీ పోయాను. ఆనాటివాళ్ళు ఎవరూ లేరన్నారు.

ఉన్నారు. నేనున్నాను. బోర్డు పెద్దాయనా, నియమం మారింది సరే, దాని కింద మీరు రాసిన మాట మారలేదు. నాకు జబ్బు ఉండిందా, నేను నటించానా, రెండింట్లో ఒకటి మీ నోటితో చెప్పాలి. ఆనాడు మీరు నన్ను రెండుసార్లు మధ్యాహ్నం పిలిచారు, నేను వచ్చాను. ఇప్పుడు నేను పిలుస్తున్నాను. మా అన్న కర్ర పట్టుకుని వచ్చాడు, మీరు కారులో రాగలరు. పొద్దున ఆరింటికి రండి. మంచం ఎదురుగా నిలబడండి. నేను లేచి నిలబడిన తరువాత ఆ మాట ఇంకొకసారి అనండి.